మందులకు లోటుండదు, చేతులకే లోటు: పెద్దవయసు సంరక్షణ రేపు ఎలా ఉండబోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 74, నాన్నగారికి 79, మీకు 46. మీరొక్కరే సంతానం. వైద్యం ఇంత ముందుకు పోతోంది కాబట్టి, ఇంకో ఇరవై ఏళ్లకు పెద్దవాళ్ల సంరక్షణ ఎలా ఉంటుంది? అందరూ వృద్ధుల హోమ్‌లలోనే ఉండాల్సి వస్తుందా? రోబోలు చూసుకుంటాయా? మీ వంతు వచ్చేసరికి మిమ్మల్ని ఎవరు చూస్తారు? ఇప్పటి నుంచే ఏం చేసిపెట్టుకోవాలి?

నేను ఈ పనిలోకి వచ్చి 24 ఏళ్లయింది. మొదట తొమ్మిదేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేశాను. తర్వాత ఇళ్లకు వెళ్లి మంచం పట్టినవాళ్లను చూసుకున్నాను. ఇప్పుడు ఎక్కువగా ఆ ఇళ్లలోవాళ్లకూ అటెండెంట్లకూ శిక్షణ ఇస్తుంటాను. డాక్టర్‌ని కాను, ఆర్థిక నిపుణురాలిని అసలే కాను. కాబట్టి నా సమాధానం మంచం పక్కన నిలబడి చూసినవాళ్ల సమాధానం అనుకోండి.

సూటిగా చెప్పాలంటే: చికిత్సలు మెరుగవుతాయి, చూసుకునే చేతులు తగ్గుతాయి. ఎక్కువమంది ఆఖరిదాకా ఇంట్లోనే ఉంటారు. హోమ్‌లు మాయం కావు గానీ, బాగా బరువైన కేసులకే పరిమితమవుతాయి. యంత్రాలు కాపలా కాస్తాయి, లెక్కలు రాస్తాయి, బరువులెత్తడంలో సాయపడతాయి. స్నానం చేయించడం, పక్కకు తిప్పడం, అన్నం తినిపించడం మాత్రం మనుషుల పనిగానే ఉంటుంది. ఆ మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు, వాళ్లకు జీతం ఎవరిస్తారు అన్నదే అసలు ప్రశ్న. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకలా అంటున్నానో చెబుతాను.

పదేళ్ల కిందట పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఇంట్లో, ఆయన కూతురికి పని నేర్పుతూ ఒక నోటుపుస్తకం పెట్టాను. తన చేయి ఆయన మీద పడిన ప్రతిసారీ టైమ్ రాయమన్నాను. పొద్దున డైపర్ మార్చి ఒళ్లు తుడవడానికి 35 నిమిషాలు. పళ్లు తోమించి గడ్డం గీయడానికి 20. మింగడం కష్టం కాబట్టి టిఫిన్ చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి, ప్రతి ముద్దకీ గొంతు కదిలిందో లేదో చూడాలి, దానికి 45. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. రోజు మొత్తం మీద ఆరు గంటల 20 నిమిషాలు తేలింది. రాత్రి రెండుసార్లు లేవడం అందులో కలపలేదు. అదే నెలలో డాక్టర్ గారు ఆయనకు కేటాయించిన సమయం మొత్తం కలిపితే పావుగంట ఉంటుందేమో. డాక్టర్‌ని తప్పుపట్టడం లేదు. ఆ దశలో ఆయనకు డాక్టర్‌తో ఉన్న పని అంతే. మిగిలినదంతా గంటలు, గంటలు, గంటలు.

దీర్ఘకాల సంరక్షణను కొలవాల్సింది జబ్బుల పేర్లతో కాదు, ఈ గంటలతో. బీపీ, షుగర్, గుండె అంటూ జాబితా చదివితే మనిషి పరిస్థితి తెలియదు. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, బాత్రూమ్‌కి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, ఈ ఆరింట్లో ఎన్ని సొంతంగా చేయగలరు? ఈ లెక్కను సిడ్నీ కాట్జ్ అనే డాక్టర్ బృందం 1963లో ప్రచురించింది. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నో, దాని తమ్ముళ్లనో వాడుతోంది. సాధారణంగా మొదట పోయేది స్నానం, ఆఖరిదాకా నిలిచేది తినడం. చిన్నపిల్లలు నేర్చుకునే క్రమం తలకిందులైనట్టు ఉంటుంది. మీ అమ్మానాన్నల గురించి ఎవరైనా ‘ఎలా ఉన్నారు’ అని అడిగితే, షుగర్ ఎంతో చెప్పే ముందు ఈ ఆరూ చెప్పడం అలవాటు చేసుకోండి.

ఇక మనుషుల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ప్రతి ఆరుగురిలో ఒకరు 60 దాటినవారు. 2050 నాటికి వాళ్ల సంఖ్య 210 కోట్లు. నన్ను భయపెట్టేది ఇది కాదు. 60లలో ఉన్నవాళ్లు చాలామంది మనకే సాయం చేస్తుంటారు. 80 దాటినవాళ్లు 2020తో పోలిస్తే 2050 నాటికి మూడింతలై 42 కోట్లు దాటతారన్నదే అసలు సంగతి. ఆ ఆరు పనుల్లో మూడు నాలుగు చేజారేది సాధారణంగా ఆ వయసులోనే. మరోవైపు కుటుంబాలు చిన్నవవుతున్నాయి. మీరే ఒక్కరు. నా చిన్నప్పుడు ఒక మంచం చుట్టూ వంతులు వేసుకునే నలుగురు అక్కాచెల్లెళ్లుండేవారు. ఇప్పుడు ఒక్కతే కూతురు, ఆమెకీ ఉద్యోగం, అటువైపు అత్తమామలు కూడా డెబ్బై దాటినవాళ్లే. (ఎక్కడ చూసినా ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతోందని వేరే చెప్పక్కర్లేదు. ఆ నోటుపుస్తకం రాసింది కూతురే. కొడుకు డబ్బు పంపేవాడు.)

డబ్బు సంగతి ముందే ఆలోచించిన దేశాలున్నాయి. నెదర్లాండ్స్ 1968లోనే మొదలుపెట్టింది. జర్మనీ 1995లో, జపాన్ 2000లో, దక్షిణ కొరియా 2008లో దీర్ఘకాల సంరక్షణ బీమాను తప్పనిసరి చేశాయి. జపాన్‌లో 40 ఏళ్లు దాటిన ప్రతివారూ నెలనెలా చందా కట్టాలి. ఖర్చులో సగం చందాల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. సాయం కావాలంటే ఒకరు ఇంటికొచ్చి 74 అంశాల ప్రశ్నావళి నింపుతారు. దాన్నిబట్టి, డాక్టర్ అభిప్రాయాన్నిబట్టి ఏడు మెట్లలో ఏ మెట్టో తేలుస్తారు. ఆ మెట్టునుబట్టి నెలకు ఎంత సాయమో ఉంటుంది. మనిషి జేబులోంచి కట్టేది మామూలుగా పదో వంతు, ఆదాయం ఎక్కువైతే ఇంకొంచెం. సింగపూర్ 2020లో తెచ్చిన పథకంలో ఆరు పనుల్లో మూడు సొంతంగా చేసుకోలేని స్థితి వస్తే, ఆ స్థితి ఉన్నన్నాళ్లూ నెలకింత అని చేతికిస్తారు. చూశారా, అక్కడా లెక్క దాదాపు ఆ ఆరు పనులదే.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించే తేడా ఒకటుంది. జర్మనీలో ఇంట్లోవాళ్లే చూసుకుంటే నగదు తీసుకోవచ్చు. జపాన్ కావాలనే నగదు ఇవ్వలేదు, సేవలే ఇస్తుంది. పథకం చర్చల్లో ఉన్నప్పుడు, డబ్బు చేతికిస్తే కోడలు ఎప్పటికీ మంచానికి అతుక్కుపోతుందని అక్కడి మహిళా సంఘాలు వాదించాయి. రెండు పద్ధతులూ చదివాక నేను జపాన్ వైపే మొగ్గుతాను. నగదు అవసరమే, కానీ వారానికి రెండు పూటలు వేరే మనిషి వచ్చి నిలబడటం దానికంటే గొప్ప సాయం. మూడు నెలలు సరిగా నిద్రపోని కూతురికి డబ్బు చేతికొస్తే దానితో నిద్ర కొనలేదు.

అయితే డబ్బు సర్దుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. జనాభాలో దాదాపు పదింట మూడొంతులు 65 దాటినవారే ఉన్న జపాన్‌లో ఇప్పుడు బీమా ఉంది, మనుషులు చాలడం లేదు. 2019లో సంరక్షణ పనికి విదేశీయులను రప్పించే కొత్త వీసా తెచ్చారు. జర్మనీలో ఎన్నో ఇళ్లు తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఆడవాళ్ల మీద నడుస్తున్నాయి. అలా వెళ్లినవాళ్ల సొంత తల్లిదండ్రులను ఎవరు చూస్తున్నారు? నేను శిక్షణ ఇచ్చిన అమ్మాయిల్లో కొందరు విదేశాలకు వెళ్లారు. ఒకమ్మాయి ఫోన్ చేసి, ‘మా అమ్మకు కాలు విరిగింది, మీ దగ్గర నేర్చుకున్నవాళ్లెవరైనా ఉంటే పంపండి’ అని అడిగింది. ఆమె అక్కడ ఎవరి అమ్మనో కుర్చీలో కూర్చోబెడుతూ ఈ ఫోన్ చేసింది.

ఇప్పుడు మీరు అడిగిన రోబోల విషయం. నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. మంచం పక్కన పెట్టి మనిషిని ఎత్తే లిఫ్ట్ నా నడుమును ఎన్నోసార్లు కాపాడింది. కానీ మంచం మీంచి మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టడం ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. ముందు పక్కకు తిప్పాలి, మోకాళ్లు మడిచి కాళ్లు మంచం అంచు దించాలి, భుజం కింద చేయి వేసి కూర్చోబెట్టాలి. అక్కడ ఒక నిమిషం ఆగాలి. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ నిమిషంలో మీరు ముఖం చూస్తూ ఉండాలి, పెదాలు పాలిపోతున్నాయా, చూపు నిలుస్తోందా అని. పాదాలు నేలకు పూర్తిగా ఆనాయా చూసి, ‘కొంచెం ముందుకు వంగండి, నా భుజం పట్టుకోండి, మూడనగానే’ అనాలి. ఒక్కోరోజు పెద్దాయన మూడనగానే లేవరు. నిన్నటి నుంచి కుడి భుజం నొప్పి, చెప్పలేదు. మీ చేతికి బరువు తేడాగా తగిలితేనే తెలుస్తుంది. ఆ తేడా పట్టుకోగల యంత్రం ఇంకా నా కంటపడలేదు. పైగా యంత్రాన్ని తెచ్చి, బిగించి, తుడిచి, ఛార్జింగ్ పెట్టి, పెద్దాయనకు భయం పోగొట్టడానికి మళ్లీ ఒక మనిషి కావాలి.

జపాన్‌లో తయారైన పారో అనే సీల్ బొమ్మ రోబో ఉంది. నిమిరితే తల తిప్పుతుంది, కూస్తుంది. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ఉన్న కొందరు దాన్ని ఒళ్లో పెట్టుకుంటే నెమ్మదిస్తారు. మంచిదే. అది ఒక పావుగంట తోడు. దాన్ని సంరక్షణ అనడం మాత్రం ఎక్కువ.

సెన్సర్లు మాత్రం నిజంగా పనికొస్తాయి, సరిగ్గా పెట్టుకుంటే. ఒకింట్లో మంచం కింద సెన్సర్ పెట్టారు, పెద్దావిడ లేస్తే కొడుకు ఫోన్ మోగేలా. మొదటి రాత్రే 11 సార్లు మోగింది. ఆవిడ అటు తిరిగినా ఇటు తిరిగినా మోత. తొమ్మిదో రోజుకు కొడుకు దాన్ని తీసి అలమరలో పడేశాడు. నేను వెళ్లి అడిగితే విసుక్కున్నాడు. తర్వాత ఇద్దరం కూర్చుని మార్చాం: లేస్తే మోగక్కర్లేదు, లేచి 20 నిమిషాల్లో తిరిగి మంచం ఎక్కకపోతే మోగాలి. ఆ తర్వాత రెండేళ్లలో మూడుసార్లే మోగింది. ఆ మూడింట్లో ఒకసారి ఆవిడ బాత్రూమ్‌లో కింద పడి ఉంది. రేపటి టెక్నాలజీ గురించి నన్నడిగితే, ఏ వస్తువు వస్తుందన్నదానికంటే ఎప్పుడు మోగాలో తేల్చుకునే ఓపిక ఎవరికుందన్నదే ముఖ్యం.

డిమెన్షియాను విడిగా చెప్పాలి. 2021 నాటికే ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి ఇది ఉంది, ఏటా దాదాపు కోటిమంది కొత్తగా చేరుతున్నారు. మందు వచ్చేసింది కదా అని చాలామంది అడుగుతున్నారు. లెకానెమాబ్ అనే మందుకు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన మాట నిజమే. ఏడాదిన్నర ప్రయోగంలో అది క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. వినడానికి పెద్దగా ఉంటుంది. కానీ జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద ఆ తేడా అర పాయింట్ కంటే కొంచెం తక్కువ. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే ఇస్తారు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీమళ్లీ స్కాన్లు తీయాలి. దారి తెరుచుకుంది, అంతవరకే. ఇంట్లో ఇప్పటికే దారితప్పుతున్న మనిషి ఉంటే ఈ మందు గురించి ఆశలు పెంచుకోకండి.

అక్కడ పనిచేసేది వేరే. నేను చూసిన ఒక అమ్మగారు స్నానం అంటే చాలు, కొట్టేవారు, గీరేవారు. ఇద్దరు అటెండెంట్లు మానేసి వెళ్లిపోయారు. నిద్రమాత్ర ఇప్పిద్దామా అన్నదాకా వచ్చింది. నేను రెండు రోజులు ఊరికే కూర్చుని చూశాను. బట్టలు తీసేదాకా బాగానే ఉన్నారు. షవర్ తిప్పగానే ఆ చప్పుడుకు బెదిరిపోయారు. తల మీద ఏదో పడుతోందనుకున్నారో ఏమో. షవర్ కట్టేశాం. గది ముందే వెచ్చబెట్టి, ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద టవల్ కప్పే ఉంచి, తడిగుడ్డ ఆవిడ చేతికే ఇచ్చాం. మొదట తన మోచేయి తనే తుడుచుకున్నారు. అరగంట పట్టింది, కానీ అరుపులు లేవు. మాత్ర అక్కర్లేకపోయింది. ఈ అరగంట ఉన్న మనిషిని ఏ వ్యవస్థ ఇవ్వగలదన్నదే నా దృష్టిలో డిమెన్షియా సంరక్షణ భవిష్యత్తు. నెదర్లాండ్స్‌లో హోగెవెయ్ అని 2009 నుంచి నడుస్తున్న ఊరి లాంటి హోమ్ ఉంది. అక్కడ ఉండేవాళ్లకు దుకాణం, వీధి, తోట అన్నీ ఆవరణలోనే, తిరగాలనిపిస్తే తిరగొచ్చు. అందరూ దాని భవనాలను మెచ్చుకుంటారు. నాకు నచ్చింది ఇంటికి ఆరేడుగురే ఉండటం.

నాకు ఆశ కలిగించిన ఇంకో పద్ధతి కూడా ఆ దేశానిదే. బ్యూర్ట్‌జోర్గ్ అని 2006లో నలుగురు నర్సులతో మొదలైంది. ఒక పేటకు గరిష్ఠంగా 12 మంది నర్సుల బృందం. పై అధికారి ఉండరు, ఎవరింటికి ఎవరు ఎప్పుడు వెళ్లాలో వాళ్లే తేల్చుకుంటారు. అంతకుముందు కట్టు కట్టడానికి ఒకరు, స్నానానికి ఒకరు, ఇంజెక్షన్‌కి ఒకరు పది నిమిషాల చొప్పున గడియారం చూసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు అన్నీ ఒకరిద్దరే చేస్తారు, పక్కింటివాళ్లతో మాట్లాడి పెడతారు, మనిషి తన పని తను చేసుకునేలా నేర్పుతారు. తెలిసిన ముఖం వస్తే పని త్వరగా అవుతుంది. వార్డులో నేను చేసిన తొమ్మిదేళ్లలో ఈ ముక్క ఎవరూ నాకు చెప్పలేదు.

సరే, మీరేం చేయాలి?

ఇరవై ఏళ్ల తర్వాతి వ్యవస్థను మీరు మార్చలేరు. కానీ మీ ఇంట్లో ఆ ఆరు గంటల రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది కొంత మీ చేతిలో ఉంది. రెండేళ్లు వెనక్కి నెట్టగలిగితే అది ఏ మందుకూ తీసిపోదు.

కాళ్లు. అన్నిటికంటే ముందు తొడల బలం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక పరిశోధనలో, కాళ్లలోంచి దాదాపు కిలో కండ కరిగిపోయింది. పది రోజులంటే ఒక మామూలు ఆసుపత్రి అడ్మిషన్. అందుకే అమ్మానాన్నలెవరైనా ఆసుపత్రిలో చేరితే మొదటి రోజే ‘ఈరోజు ఎప్పుడు లేపి కూర్చోబెడతారు’ అని అడగండి. విశ్రాంతి పేరుతో మంచం మీదే ఉంచేయకండి. ఇంట్లో ఉన్నప్పుడు నడకొక్కటే చాలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం లాంటివి కావాలి. ఇలాంటి వ్యాయామాలు చేసేవాళ్లు కిందపడే సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని ఎన్నో పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. ఇప్పటికే ఒకసారి పడినవాళ్లయితే ఫిజియోథెరపిస్టు చూశాకే మొదలుపెట్టండి.

చెవులు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. వినిపించనివాళ్లు మెల్లగా మాటలు మానేస్తారు, మనుషుల్లోకి రావడం మానేస్తారు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మార్చుకోదగ్గ 14 కారణాలను గుర్తించింది. వినికిడి లోపం వాటిలో పెద్దవాటిలో ఒకటి. బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం, సరిచేయించని చూపు లోపం కూడా ఉన్నాయి. అవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అన్నది వాళ్ల అంచనా. అది మొత్తం జనాభాకు వేసిన లెక్క, మీ అమ్మగారికి గ్యారంటీ కాదు. అయినా వినికిడి యంత్రం కొని సొరుగులో పెట్టకుండా రోజూ పెట్టుకునేలా చూడటం మీరు చేయగలిగే పని.

మాత్రల సంచి. ఇంట్లో ఉన్నవన్నీ, పాతవీ కొత్తవీ, నొప్పి మాత్రలతో సహా ఒక సంచిలో వేసి ఏడాదికోసారి ఒకే డాక్టర్ ముందు గుమ్మరించండి. నేను ఒకసారి లెక్కపెడితే 14 రకాలు తేలాయి. వాటిలో రెండు వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే మందు. ఆ పెద్దాయన తూలుతున్నది ముసలితనం వల్ల కాదు, డబుల్ డోసు వల్ల. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. నిద్రమాత్రల్లాంటివి ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం.

బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, రాత్రి దీపం. దీని గురించి అందరికీ తెలుసు, అందరూ పడ్డాకే బిగిస్తారు. ఈ నెలలోనే పెట్టించేయండి.

రెండో జత చేతులు. మీరొక్కరే అన్నారు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. అవసరం రాకముందే, వారానికి ఒక పూటైనా సరే, బయటి మనిషి సాయం అమ్మానాన్నలకు అలవాటు చేయండి. మంచం పట్టాక కొత్త మనిషి చేయి వేస్తే ఎవరైనా బిగుసుకుపోతారు. ముందునుంచీ ఇల్లు తుడవడానికో తోడుగా నడవడానికో వచ్చే మనిషయితే, రేపు ఆమే ఒళ్లు తుడిచినా సిగ్గుపడరు. ఆ మనిషికి సరైన జీతం, వారానికో సెలవు ఇవ్వండి. అటెండెంట్లు నిలవరని గింజుకునే ఇళ్లలో సగం చోట్ల నేను చూసిన కారణం ఆమెకు పడుకోవడానికి చోటు లేకపోవడమే.

అమ్మానాన్నలు ఏం కోరుకుంటున్నారో, వాళ్లకు తెలివి, ఓపిక ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టండి. వెంటిలేటర్ దాకా వెళ్లాలా, గొట్టంతో ఆహారం ఇవ్వాలా, మాట పోతే ఎవరు నిర్ణయించాలి? అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. మా అమ్మను అడగడానికి నాకే రెండేళ్లు పట్టింది. ఈ ఉద్యోగంలో ఉండి! అడిగాక ఆవిడ, ‘నువ్వు అడుగుతావని ఎప్పటి నుంచో చూస్తున్నా’ అంది. వాటికి చట్టపరమైన బలం ఎలా వస్తుందన్నది మీరుండే చోటి నియమాలనుబట్టి ఉంటుంది, అది అక్కడి లాయర్‌నే అడగండి.

ఇక హోమ్. ఇంట్లో చూసుకుంటేనే ప్రేమ, హోమ్‌లో పెడితే వదిలించుకోవడం అనే మాటను నేను ఒప్పుకోను. డిమెన్షియా ఉన్న భర్తను 81 ఏళ్ల భార్య ఒంటరిగా చూసుకునే ఇల్లొకటి చూశాను. ఆయన రాత్రుళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని నేనూ అన్నాను, అది నా తప్పు. ఒక రాత్రి ఆయన ఆవిడను దాటబోయి ఇద్దరూ పడ్డారు, విరిగింది ఆవిడ తుంటి. చివరికి ఇద్దరూ హోమ్‌కే వెళ్లారు, ఆరు నెలలు ముందు వెళ్లి ఉంటే ఆవిడ నడిచి వెళ్లేది. అందుకే ఇప్పుడు మూడు గుర్తులు చెబుతాను: రాత్రుళ్లు తిరగడం ఆగకపోతే, ఎత్తడానికి ప్రతిసారీ ఇద్దరు కావాల్సి వస్తే, చూసుకునే మనిషే జబ్బు పడితే, ఇల్లు చాలదు.

హోమ్ చూడటానికి పొద్దున పది గంటలకు వెళ్లకండి. అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. సాయంత్రం ఏడింటికి, వీలైతే సెలవురోజున వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎందరుంటారు, ఇక్కడ అందరికంటే పాత ఉద్యోగి ఎవరు, ఎన్నేళ్లయింది అని అడగండి. పడుకుని ఉన్న ఎవరి మడమలనైనా చూడగలిగితే చూడండి. పడక పుండ్లు పిరుదుల తర్వాత ఎక్కువగా వచ్చేది అక్కడే. మడమలు శుభ్రంగా, ఎర్రబడకుండా ఉన్నాయంటే ఆ హోమ్‌లో మనుషుల్ని తిప్పుతున్నారన్నమాట.

మీ వంతు గురించి. మీకు 46, అంటే ఆ ఆరు పనుల్లో సాయం కావాల్సి వచ్చేసరికి ముప్పై ఏళ్లకు పైగా ఉండొచ్చు. డబ్బు దాచుకోవడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట వినండి. నేను చెప్పేది ఇల్లు మారే విషయం. మారాలనుకుంటే 65లోపు మారండి. మెట్లు లేని చోటికి, నడిచి వెళ్లగలిగే దూరంలో మనుషులున్న చోటికి. 80లో మార్చితే చాలామందికి కొత్త ఇంట్లో బాత్రూమ్ ఎటుందో కూడా గుర్తుండదు. ఒంటరిగా ఉండే ముగ్గురు స్నేహితురాళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో వేర్వేరు అంతస్తుల్లో ఇళ్లు తీసుకుని, ఒక అటెండెంట్‌ను పంచుకోవడం నేను చూశాను. పొద్దున ఎనిమిదిలోపు ముగ్గురూ ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోవాలి, పెట్టకపోతే తాళంచెవితో పైకి వెళ్లాలి. ఏ ప్రభుత్వ పథకమూ అక్కర్లేదు దానికి. ఇప్పటికి నాలుగేళ్లుగా నడుస్తోంది.

ఉద్యోగం మానేయాలా అన్నది మీరు అడగలేదు గానీ, మీ ప్రశ్న చివర్లో ఆ టెన్షన్ కనిపించింది. ఇప్పుడైతే మానకండి. మీరు రాసినదాన్నిబట్టి ఇద్దరూ తమ పనులు తామే చేసుకుంటున్నారు. ఒక పని చేసి చూడండి: నాన్నగారిని మామూలు ఎత్తున్న కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవమనండి. పక్కనే నిలబడండి, పడకుండా. వరుసగా ఐదుసార్లు లేవగలిగారా, మధ్యలో ఆగారా, అసలు చేతులు లేకుండా లేవలేకపోయారా? అమ్మగారితోనూ అదే చేయించి, ఇద్దరివీ ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ముందు ఏది మొదలుపెట్టాలో చెబుతాను.